ఏ ఫ్రాంక్‌ఫర్ట్?

మన దగ్గర కొత్తపేటలు ఎన్నో. కోనసీమలో ఒకటి, హైదరాబాదులో ఒకటి, గుంటూరులో ఇంకోటి. జర్మనీలోనూ అంతే. నోయ్‌స్టాట్ అంటే కొత్తపేటే, ఆ పేరున్న ఊళ్ళు దేశమంతా ఉన్నాయి. కానీ కొత్తగా వచ్చిన మనవాళ్ళని తికమక పెట్టేది మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్.

'ఫుర్ట్' అంటే నది లోతు తక్కువై కాలినడకన దాటగలిగే చోటు. ఫ్రాంకు జాతివాళ్ళు మైన్ నది దాటిన చోటు గనక ఆ పేరు. 794లో చార్లెమేన్ రాజు అక్కడ మతసభ జరిపినప్పటి పత్రాల్లో ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది. మనం విమానం దిగేది ఈ ఊళ్ళోనే.

రెండో ఫ్రాంక్‌ఫర్ట్ ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైనే, తూర్పు కొసన ఓడర్ నది ఒడ్డున ఉంది. 1253లో పట్టణమైంది. 1506లో యూనివర్సిటీ పెట్టారు, 1811లో అది బ్రెస్లావుకి తరలిపోయింది, 1991లో మళ్ళీ తెరిచారు. 1945లో యుద్ధం ముగిశాక నదే సరిహద్దయింది. అవతలి ఒడ్డున ఉన్న పేట పోలెండుకి పోయి స్వూబిత్సె అయింది. ఒక పేరుకి రెండు ఊళ్ళున్న చోటే, ఒక ఊరు రెండు పేర్లయింది! ఇప్పుడు వంతెన మీద నడిచి అవతలికి పోవచ్చు. కాకపోతే 2023 అక్టోబరు నుంచి జర్మనీ మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టింది. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు లేకుండా సిగరెట్ల కోసమైనా వంతెన ఎక్కొద్దు.

పేర్లే కాదు, నంబర్లూ కలిసిపోయిన రోజులున్నాయి. తూర్పు, పడమర జర్మనీలు వేర్వేరుగా నాలుగంకెల పిన్‌కోడ్లు పెట్టుకున్నాయి. 1990లో రెండూ ఒకటయ్యేసరికి 5300 అంటే బాన్ కూడా, వైమార్ కూడా! కొన్నాళ్ళు నంబరు ముందు తూర్పుకో అక్షరం, పడమరకో అక్షరం రాసి నెట్టుకొచ్చారు. 1993 జూలై 1న ఇప్పటి అయిదంకెలు వచ్చాయి. 60తో మొదలైతే మైన్ ఊరు, 152తో మొదలైతే ఓడర్ ఊరు. పని కాగితం మీద ఊరి పేరు కన్నా ముందు ఈ అంకెలే చూడండి.

చవక టికెట్లలో ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, హాన్. ఒకప్పుడు అమెరికా వాయుసేన స్థావరం. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నా ఊరికి 120 కిలోమీటర్ల దూరం, రాష్ట్రం కూడా వేరే. టికెట్‌లో మిగిలింది బస్సుకి పోతుంది, అర్ధరాత్రి దిగితే మరీ కష్టం.

అమెరికాలో కెంటకీ రాజధాని పేరు కూడా ఫ్రాంక్‌ఫర్టే. దానికి ఫ్రాంకు జాతితో సంబంధం లేదు. 1780లో ఆ రేవు దగ్గర చనిపోయిన స్టీఫెన్ ఫ్రాంక్ అనే వలసదారు పేరు అది.

ఇక సాసేజ్ సంగతి. జర్మనీలో 'వీనర్' అంటే వియన్నాది అని. అదే సాసేజ్‌ని వియన్నాలో అడగాలంటే 'ఫ్రాంక్‌ఫుర్టర్' అనాలి.