స్వరానికి ఆయువు పోసినవాళ్లు

సింగరాయకొండలో ఒంగోలు వైపు ప్యాసింజరు ఎక్కితే టంగుటూరు, సూరారెడ్డిపాలెం, ఒంగోలు దాటాక కరవది వస్తుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924 మే 12న ఆ ఊళ్లో పుట్టారు. తరతరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న ముస్లిం కుటుంబం వాళ్లది. తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ చెప్పారు. ఆ తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర శిక్షణ సాగింది. తమిళనాట పేరుమోసిన నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదనకు ముగ్ధుడై, తంజావూరు బాణీ పట్టుబడేదాకా నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయన్ను వరించాయి.

యాంబియెంట్, ఎలక్ట్రానిక్, ప్రపంచ సంగీతం గురించి రాస్తూ కరవది సన్నాయితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇవన్నీ పరాయి సంగీతాలని, వాటికి వేరే చెవులు కావాలని మన పిల్లలు అనుకుంటున్నారు, పెద్దలూ అలాగే అనుకుంటున్నారు. ఆ సంగీతాన్ని వినగల చెవి ఈ నేలకు ఎప్పటినుంచో ఉంది. దాని ఎదుగుదలలో తెలుగువాడి చేయి కూడా ఉంది.

పెళ్లింట్లో వినిపించేది

సన్నాయి మేళాన్ని దగ్గర నుంచి చూడండి. రాగం వాయించే విద్వాంసుడి మీదే అందరి చూపూ ఉంటుంది. ఆయన పక్కన ఒత్తు పట్టేవాడు ఒకడు కూర్చుంటాడు. అతనిది ఒకే స్వరం. బుగ్గల నిండా గాలి నింపుకుని, ఆ గాలిని గొట్టంలోకి వదులుతూనే ముక్కుతో కొత్త ఊపిరి లాగుతాడు. అందువల్ల నాదం ఎక్కడా తెగదు. రాగం ఎంత దూరం తిరిగినా ఆ నాదం మీదకే వచ్చి వాలుతుంది.

పొద్దుటి నుంచి మేళం సాగుతూనే ఉంటుంది. చుట్టాలు కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు పరుగులు పెడతారు, వంటవాళ్లు పులిహోర కలుపుతారు. సంగీతం ఎవరి పనికీ అడ్డు రాదు. మూలన కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం కళ్లు మూసుకుని తోడి ఆలాపన వింటుంటాడు. గట్టిమేళం మోగగానే అందరూ ఒక్కసారిగా పెళ్లిపీటల వైపు తిరుగుతారు.

1978లో ఇంగ్లాండుకు చెందిన సంగీతకారుడు బ్రయాన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ రికార్డు తెచ్చి, ఆ తరహాకు యాంబియెంట్ అని పేరు పెట్టాడు. శ్రద్ధగా విన్నా బాగుండాలి, పని చేసుకుంటుంటే పక్కన పరుచుకుని ఉండాలి, అదీ దాని తత్వం. ఈనో టేపుల మీద సాధించినదాన్ని మన పెళ్లిమేళం ఊపిరితో సాధించింది. రెండింటి పుట్టుకా వేరు, పద్ధతీ వేరు. వినేవాడికి ఇచ్చే స్వేచ్ఛ మాత్రం ఒకటే.

గుడివాడ నుంచి బాక్స్ దాకా

అదే 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు మాండలిన్ మీద తొలి కచేరీ చేశాడు. అతనే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీదకు తెచ్చుకునేవాడు.

మాండలిన్ ఇటలీ వాద్యం. నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. గమకానికి స్వరం నిలవాలి, ఊగాలి, ఇంకో స్వరంలోకి జారాలి. జంట తీగలను వేలితో లాగి అది తేవడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. జంట తీగలు వదిలి అయిదు ఒంటి తీగలు కట్టాడు. తీగ కదలికను యాంప్లిఫైయర్ పెంచి వినిపిస్తుంటే, ఆరిపోయే స్వరానికి ఆయువు వచ్చింది. ఆ ఆయువులో గమకం పట్టింది. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

సరిగ్గా ఇదే సమస్యతో కెనడాలో మైఖేల్ బ్రూక్ అనే గిటారిస్టు కుస్తీ పట్టాడు. తీగ నుంచి పుట్టిన సంకేతాన్ని విద్యుత్తుతో తిరిగి తీగకే అందించి, వాదకుడు ఆపేదాకా స్వరం ఆగకుండా చేశాడు. దానికి ‘ఇన్ఫినిట్ గిటార్’ అని పేరు పెట్టాడు. 1987లో యూటూ అనే రాక్ బృందం ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో వినిపించిన గిటారు అదే. బ్రూక్ 1985 నాటి ‘హైబ్రిడ్’ రికార్డులో ఈనో కూడా పనిచేశాడు.

మీటితే ఆరిపోయే స్వరాన్ని బతికించాలని వేర్వేరు ఖండాల్లో తపించిన ఈ ఇద్దరినీ రియల్ వరల్డ్ అనే రికార్డుల సంస్థ కలిపింది. గాయకుడు పీటర్ గాబ్రియేల్ తదితరులు 1989లో మొదలుపెట్టిన ఆ సంస్థకు ఇంగ్లాండులోని బాక్స్ అనే పల్లెలో స్టూడియో ఉంది. 1994లో శ్రీనివాస్ సంప్రదాయ కచేరీ ‘రామ శ్రీరామ’ అక్కడి నుంచే వెలువడింది. మరుసటి ఏడాది శ్రీనివాస్, బ్రూక్ కలిసి చేసిన ‘డ్రీమ్’ వచ్చింది. అందులో ఎలక్ట్రానిక్ నాదాలు పొరలు పొరలుగా పరుచుకుంటాయి, మాండలిన్ వాటి మీద తన గమకాలు తనే పలుకుతుంది. ఒకరి కోసం ఒకరు తగ్గలేదు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలోనూ శ్రీనివాస్ ప్రపంచమంతా తిరిగాడు. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే చెన్నైలో కన్నుమూశాడు.

మన వంతు

ఎలక్ట్రానిక్ నాదం మన గుడి మండపాల్లోకీ ఎప్పుడో వచ్చేసింది. ఎన్నో మేళాల్లో ఒత్తు పట్టే మనిషి స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూర్చుంది. సౌకర్యం పెరిగింది, ఒక జీవనోపాధి పోయింది. కొత్త సంగీతానికి చేతులు చాచేటప్పుడు ఈ లెక్క కూడా మరిచిపోకూడదు.

కరవది వారసత్వం ఆగలేదు. చినమౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సింగరాయకొండలో ఇప్పుడు ఏ కుర్రాడి ఫోనులోనైనా ప్రపంచంలోని ఏ మూల సంగీతమైనా మోగుతుంది. ముందు చినమౌలానా ఆలాపన ఒకటి నిదానంగా వినండి. తర్వాత ‘రామ శ్రీరామ’, ఆపైన ‘డ్రీమ్’, చివర ఈనో వినండి. ఎక్కడా గోడ కనిపించదు.

కంప్యూటరు మీద పాటలు కట్టే మన కుర్రాళ్లకు ఒక మాట. సన్నాయి శబ్దాన్ని దూరదేశపు శాంపిల్ ప్యాక్‌లో కొనుక్కోకండి. మీ జిల్లాలో ఇంకా వాయిస్తున్న ఇళ్లకు మంచి మైకు పట్టుకుని వెళ్లండి. అడిగి రికార్డు చేయండి, డబ్బివ్వండి, పాట మీద వాళ్ల పేరు వేయండి. బ్రూక్ పేరు పక్కన శ్రీనివాస్ పేరు సమానంగా నిలిచింది. మన విద్వాంసులకు అంతకంటే తక్కువ మర్యాద తగదు.