కెనడాలో ఆదివాసి బాలల చదువు

బడికి వెళ్ళిన బిడ్డ సాయంకాలానికి ఇల్లు చేరుతుందనే ధైర్యం మనకు ఉన్నది. కెనడాలోని ఆదివాసి తల్లిదండ్రులలో ఎందరికో ఆ ధైర్యం లేకపోయినది.

1883 నుండి అక్కడి ప్రభుత్వం క్రైస్తవ సంఘాల యాజమాన్యాన వసతి పాఠశాలలను విస్తరించినది. పిల్లల జుట్టు కత్తిరించేవారు. మాతృభాష పలికితే దండించేవారు.

శ్రోతలకు మేము ముఖ్యంగా మనవి చేయదలచినది డాక్టర్ పీటర్ బ్రైస్ నివేదికను గురించి. ఆయన ఆదివాసి వ్యవహారాల శాఖలో ప్రధాన వైద్యాధికారి. 1907లో పశ్చిమ ప్రాంతాలలోని 35 పాఠశాలలను పరీక్షించారు. చలికాలంలో కిటికీలు బిగించిన గదులలో పిల్లలు కిక్కిరిసి నిద్రించేవారు. క్షయ ఒకరినుండి ఒకరికి సోకేది. వివరాలు అందిన 1,537 మందిలో ఇంచుమించు నాలుగవ వంతు మరణించారని ఆయన లెక్క తేల్చారు.

ఆయన కోరిన సంస్కరణలను ప్రభుత్వం అమలు జరుపలేదు. పైగా 1920లో హాజరును నిర్బంధం చేసినది. 1922లో, ఉద్యోగం విడిచిన పిమ్మట, బ్రైస్ ఆ వృత్తాంతాన్ని ‘జాతీయ నేరం’ అని పేర్కొంటూ చిన్న పుస్తకంగా ప్రకటించారు.

చివరి బడులు 1990 దశకంలో మూతపడినవి. అప్పటికి సుమారు 1,50,000 మంది పిల్లలు వాటిలో చదివారు. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. బ్రైస్ లెక్క ప్రభుత్వం చేతికి అంది అప్పటికి నూరేళ్ళు దాటినవి.