చందాలతో లేచిన ఇమారత్



మా అల్లాదుర్గ్‌కు మునిసిపాలిటీ లేదు, టౌన్‌హాల్ లేదు. పంచాయతీ ఆఫీసు ఉంది, అంతే. చిన్నప్పుడు ఆ మాట అంటే అబ్బా, "మనకూ ఒక టౌన్‌హాల్ ఉంది బేటా, హైదరాబాద్‌లో" అన్నారు. తర్వాత ఓసారి నాంపల్లి దగ్గర బస్సు కిటికీలోంచి తెల్లటి గుంబద్‌లు చూపించి "అదే" అన్నారు. నేను నవ్వాను. "అది అసెంబ్లీ కదా అబ్బా, నిజాం కట్టించింది!"

ఈమధ్య ఆఫీసులో ఒకాయన అదే ఇమారత్ గురించి "మీ నిజాం కట్టించిందే కదా" అన్నాడు. ఆ "మీ" అన్న మాట గుండెలో గుచ్చుకుంది. అందుకే ఆ తారీఖ్ ఇక్కడ రాస్తున్నాను.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో సాల్‌గిరా యాద్‌గార్‌గా బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, ఒక టౌన్‌హాల్ కట్టాలని షహర్ జనం అనుకున్నారు. చందాలు వేసుకున్నారు. 1905లో పునాది పడింది. పని నడుస్తుండగానే 1908 సెప్టెంబరులో మూసీ తుగ్యానీ వచ్చింది. వేల జానాలు పోయాయి. 1911లో మహబూబ్ అలీ పాషా ఇంతెకాల్ అయ్యారు. హాలు పూర్తయింది 1913లో. ఎవరి పేరున మొదలైందో ఆయన దాన్ని చూడనేలేదు. కట్టిన అవామ్ చూశారు. అవామ్ అంటే ఒక్క ఖౌమ్ కాదు కదా.

1952లో మొదటి ఎలక్షన్లు జరిగాయి. హైదరాబాద్ రాష్ట్ర అసెంబ్లీకి 175 సీట్లు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. చందాలతో కట్టిన హాలులోకి ఇప్పుడు ఓట్లతో గెలిచినవాళ్లు వచ్చి కూర్చున్నారు. శాలిబండ నుంచి గెలిచిన మాసూమా బేగం వాళ్లలో ఒకరు. 1960లో సంజీవయ్య గారి వజారత్‌లో ఆమె మంత్రి కూడా అయ్యారు.

హుజూర్‌నగర్ నుంచి గెలిచి ఆ సభకు వచ్చిన ఇంకొకరు మఖ్దూం మొహియుద్దీన్ సాబ్. గొప్ప షాయర్, కమ్యూనిస్టు. తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో తిరిగారు, జైలుకూ పోయారు. ఆయన 1908లో పుట్టింది ఎక్కడనుకున్నారు? జోగిపేట పక్కనున్న అందోల్‌లో. అల్లాదుర్గ్ నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు మేం దాటే ఇలాకా అది. ఇవాళ్టికీ మా ఓటు అందోల్ నియోజకవర్గం కిందే ఉంది.

నిజాం హుకూమత్‌కు ఎదురు నిలిచిన మఖ్దూం సాబ్, నిజాం యాద్‌గార్‌గా లేచిన హాలులోనే రయ్యత్ తరఫున మాట్లాడారు. ఆ ఇమారత్ ఎవరిదంటే నేను ముందు ఆయన్నే తలుచుకుంటాను.

1985లో పక్కనే కొత్త సభా భవనం కట్టారు. పాత హాలు మాత్రం అలాగే నిలిచి ఉంది.

పోయిన సెలవుల్లో మా పిల్లలను అటువైపు తీసుకెళ్లాను. చిన్నోడు గుంబద్‌లు చూసి "ఎవరు కట్టించారు?" అని అడిగాడు. "జనం. చందాలు వేసుకుని" అన్నాను. "మనవాళ్లు కూడా ఇచ్చారా?" అన్నాడు. మా దాదా ఇచ్చారో లేదో నాకు తెలియదు. "తర్వాత ఓట్లు వేశారు బేటా. నువ్వూ వేస్తావు, ఇన్షా అల్లాహ్" అన్నాను.

అబ్బా ఇప్పుడు లేరు. ఆ రోజు నవ్వినందుకు ఆయనకు మాఫీ చెప్పుకోవాలనిపించింది.