పక్కవాద్యమునకు పట్టాభిషేకము: ద్వారం వెంకటస్వామినాయుడు

విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడల మీదుగా రాయపూరునకు వచ్చు రైలుమార్గము 1931లో పూర్తియయ్యెను. భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955లో సోవియట్టు దేశముతో ఒడంబడిక కుదిరిన పిమ్మట, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలవారు అనేకులు ఇచ్చటికి తరలివచ్చి స్థిరపడిరి. వారు వెంట తెచ్చుకొన్న సంపదలో సంగీతాభిమానము ఒకటి. ఆ అభిమానమునకు విజయనగరము పుట్టినిల్లు. ఆ పుట్టినింటి పెద్దలలో ఫిడేలు నాయుడుగారని ప్రజలు పిలుచుకొన్న ద్వారం వెంకటస్వామినాయుడుగారు అగ్రగణ్యులు.

కచ్చేరికి శ్రోతలు గాయకుని పేరు విని వత్తురు. ప్రక్కన కూర్చున్న ఫిడేలు విద్వాంసుడు పాటను నీడవలె అనుసరింపవలెను. గాయకుడు ఊపిరి తీసికొనునపుడు రాగము తెగకుండ నిలుపవలెను. తన వంతు వచ్చినపుడు కొలది నిమిషములలో తన విద్యను చూపి మరల వెనుకకు తగ్గవలెను. పాశ్చాత్యులనుండి వచ్చిన ఈ వాద్యమును కర్ణాటక సంగీతమునకు అనువుపరచినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ప్రథములు. నాటినుండి చిరకాలము ఫిడేలు ముఖ్యముగ పక్కవాద్యముగనే యుండెను.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే వారి తొలి గురువు. 1919లో విజయనగర మహారాజావారు సంగీత కళాశాలను నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నియమించిరి. విద్యార్థిగా చేరగోరి వచ్చిన నాయుడుగారి వాదనము విని, వారిని ఆచార్యునిగనే నియమించిరని ప్రసిద్ధి. అప్పటికి వారి వయస్సు 26 ఏండ్లు. 1936లో దాసుగారి పిమ్మట వారే అధ్యక్షులైరి.

వారు పాశ్చాత్య వాదన పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, దీర్ఘమైన కమానును, నిండైన నాదమును సాధించిరి. అయినను గమకమును విడువలేదు. తీగపై వ్రేలు జారునపుడు గాత్రము పలికినట్లే యుండెడిది. గాయకుని అనుసరించుటలో అలవడిన ఆ గాత్రధర్మమే వారిని ఒంటరిగ నిలుపగలిగెను. 1938లో వేలూరులో గాయకుడు లేకుండ ఫిడేలునే ప్రధానముగ చేసి కచ్చేరి సలిపిరి. అంతవరకు ప్రక్కనున్న వాద్యము ఆనాడు వేదిక నడుమకు వచ్చెను.

వారి వాదనమును గ్రామఫోను పలకలును భద్రపరచినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆనాటి పలకలో ఒక ప్రక్కను సుమారు మూడు నిమిషముల నాదము మాత్రమే పట్టును. గంటసేపు విస్తరింపదగిన రాగమును అంతలో చూపుట ప్రధాన గాయకులకు కష్టము. గాయకుని రెండు ఊపిరుల నడుమనే రాగచ్ఛాయను నిలుపుటకు అలవాటుపడిన పక్కవాద్యకారునకు ఆ క్లుప్తత చిరపరిచితము.

గౌరవములు వరుసగా వచ్చెను. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీత కళానిధి బిరుదము నొసగెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1964 నవంబరు 25న వారు దివంగతులైరి. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను.

వారి విద్య వంశమునను, శిష్యులలోను ప్రవహించెను. ద్వారం నరసింగరావునాయుడుగారివద్ద విజయనగరమున నేర్చిన నేదునూరి కృష్ణమూర్తిగారు తరువాత సంగీత కళానిధులైరి. నాయుడుగారి కుమారులు భావనారాయణగారివద్ద శిక్షణ పొందిన పి. సుశీలగారి గానము చలనచిత్రముల ద్వారా ఇంటింటికిని చేరెను.

భిలాయిలో తయారైన పట్టాలపై దేశమంతట రైళ్లు నడచుచున్నవి. ప్రయాణికునకు గమ్యము పేరు తెలియును గాని, పట్టాను తయారుచేసినవాని పేరు తెలియదు. అట్టి శ్రమను ఎరిగిన ఈ నగరపు తెలుగువారికి పక్కవాద్యకారుని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఉత్సవ సభలలో గాయకుని పేరుతోపాటు ఫిడేలు, మృదంగ విద్వాంసుల పేర్లను కూడ ఆహ్వానపత్రికలో సమానమైన అక్షరములతో అచ్చువేయుట నాయుడుగారికి తగిన నివాళి యగును.