పత్తర్‌గట్టిలో రెండు జెర్రిపోతు పిల్లలు

1994 సెప్టెంబర్ చివరి వారం. సూరత్‌లో ప్లేగు అని పేపర్లన్నీ మొదటి పేజీలో రాస్తున్నాయి. లక్షల మంది ఆ ఊరు వదిలి దొరికిన రైలెక్కారు. టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల షాపుల ముందు జనం బారులు తీరుతున్నారని రేడియోలో చెప్పేవాళ్ళు. ఎలుక అనే మాట వింటేనే పెద్దవాళ్ళ మొహాలు మారిపోతున్న ఆ రోజుల్లో మా ఇంట్లో, మంచం కింద, మూతకు మేకుతో చిల్లులు పొడిచిన బిస్కట్ డబ్బాలో రెండు జెర్రిపోతు పిల్లలు ఉన్నాయి. నాకప్పుడు పదకొండేళ్ళు.

పత్తర్‌గట్టి రాతి కమాన్ల వెనక గల్లీలో మాది రెండు గదుల పోర్షన్. ముందు వైపు ముత్యాలు, అత్తర్లు, బట్టల దుకాణాలు. వెనక వైపు మేం. నాయిన ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డుల ప్రెస్సులో గుమాస్తా. ప్రెస్సు వెనక కాగితాల గోడౌన్. ఓ మూలన ఏళ్ళ తరబడి పోగుపడ్డ కత్తిరింపుల గుట్ట, వానకు తడిసి లోపల వెచ్చగా మాగుతూ ఉండేది. ప్లేగు భయానికి గోడౌన్ శుభ్రం చేయిద్దామని ఓనరు మనుషుల్ని పెట్టాడు. ఆ గుట్ట తవ్వితే తెల్లటి, తోలు లాంటి గుడ్డు పెంకులు బయటపడ్డాయి, పదో పన్నెండో. పిల్లలు చాలా వరకు అప్పటికే వెళ్ళిపోయాయి. కనబడ్డవాటిని కర్రలతో కొట్టారు. నేను నాయినకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రెండే మిగిలాయి. ఒక్కోటీ నా మూర కంటే కాస్త చిన్నది. పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు. పెదవుల మీద, పెన్నుతో గీసినట్టు నల్లటి అడ్డగీతలు.

పక్కన అత్తరు దుకాణం పెట్టుకున్న చాచా అరుపులు విని వచ్చాడు. వంగి చూశాడు. "ధామన్ హై రే బేటా. జహర్ నై ఇస్కూ. చూహే ఖాతా," అన్నాడు. విషం లేదు, ఎలుకల్ని తింటుంది. ఆ ఒక్క మాటతో కర్రలు ఆగాయి. నాయిన నా మొహం చూసి, "రెండే రెండు దినాలు. ఆదివారం ఇడిచిపెట్టి రావాలె," అన్నాడు. అట్లా వచ్చాయవి మా ఇంటికి.

ఇంట్లో నాయనమ్మ. ఆమెకు అది ధామన్ కాదు, జెర్రిపోతు. "పోతు అంటె మొగదేగదరా. నాగుంబాముకు మొగడు గది. దాన్ని చంపితె నాగుంబాము పగవడ్తది," అంది. తెలుగునాట చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఇదే మాట. నిజానికి నాగుపాముకూ జెర్రిపోతుకూ సంబంధం లేదు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉంటాయి, మగవీ ఉంటాయి. రెండు మగ జెర్రిపోతులు ఒకదాన్నొకటి పెనవేసుకుని కుస్తీ పడితే, దాన్ని సయ్యాట అనుకుని మనం దణ్ణం పెడతాం. ఈ పాముకి విషం లేదు, పడగా లేదు. బెదిరితే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది, కరిస్తే గీరుకుంటుంది. అంతే.

ఆ పేరు వెంటపడి చాలా ఏళ్ళ తర్వాత నేనొక మనిషి దగ్గర తేలాను. పాట్రిక్ రస్సెల్. పుట్టింది 1727లో, ఎడిన్‌బరోలో. 1781లో, యాభై దాటాక, ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నానికి బయల్దేరాడు. 1785లో కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. కోరమాండల్ తీరంలో పాముకాటు చావుల గురించి వింటూ, ఏ పాముకు విషం ఉంది, దేనికి లేదు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. పాముల్ని తెప్పించాడు, కోళ్ళనీ కుక్కల్నీ కరిపించి చూశాడు, చర్మాలు ఒలిపించి దాచాడు. 1796లో లండన్‌లో అచ్చయిన పెద్ద పుస్తకంలో ఆ పాముల రంగుల బొమ్మలున్నాయి. వాటి కింద పేర్లు మన పేర్లే. ఇంగ్లీషు అక్షరాల్లోకి వంకరటింకరగా దిగిన తెలుగు పేర్లు. కట్లపాము జాతికి ఇవాళ ప్రపంచమంతా వాడే లాటిన్ పేరు బుంగారస్ మన 'బంగారు' లోంచే వెళ్ళింది. అందులోనే ఒక బొమ్మ కింద: 'జెరి పోటూ'. మా నాయనమ్మ నోటి మాట, రెండు వందల ఏళ్ళ క్రితం విశాఖలో.

ఆ పాముకు అప్పటికే లిన్నేయస్ 1758లో లాటిన్ పేరు పెట్టేశాడు. అయినా రస్సెల్‌కి ఆ ఊరి పేరే అవసరమైంది. ఎందుకంటే అతని ప్రశ్న ఆ ఊరిది. చీకట్లో కాలికి తగిలింది చంపేదా, చంపనిదా? అది తేలాలంటే పాముని చూసినవాడు దాన్ని పిలిచే పేరే కావాలి.

రస్సెల్ గురించి నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకోటి. విశాఖ రాకముందు అతను సిరియాలోని అలెప్పోలో డాక్టరు. 1760 నుంచి 1762 దాకా అక్కడ ప్లేగు వచ్చినప్పుడు పారిపోకుండా నిలబడ్డాడు. ఆ అనుభవంతో 1791లో ప్లేగు మీద ఒక పెద్ద గ్రంథం వేశాడు. అంటే, తన కాలంలో ప్లేగుని దగ్గరగా చూసిన వైద్యుల్లో ఒకడు, జెర్రిపోతుని చేత్తో పట్టుకుని బొమ్మ గీయించినవాడు, ఒకే మనిషి. అయిదేళ్ళ తేడాతో రెండు పుస్తకాలు. ఆ రెంటినీ కలిపే జంతువు ఎలుక. అది మాత్రం అతనికి తట్టలేదు. తట్టే వీలూ లేదు. ప్లేగు సూక్ష్మజీవిని హాంగ్‌కాంగ్‌లో యెర్సిన్ పట్టుకున్నది 1894లో. దాన్ని ఎలుక నుంచి మోసేది ఎలుక మీది ఈగలాంటి పురుగు, మనం మిన్నల్లి అనేది, అని పాల్ లూయీ సీమాన్ కరాచీలో తేల్చింది 1898లో. అప్పటికి రస్సెల్ పోయి తొంభై మూడేళ్ళు.

అప్పటికే 1896లో ప్లేగు బొంబాయిలో దిగింది. హైదరాబాద్‌ని గట్టిగా తాకింది 1911లో. మూడేళ్ళ కింద, 1908 సెప్టెంబర్ 28న, మూసీ పొంగి వేల మందిని మింగింది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే ఇది. మా నాయనమ్మ అప్పటికి పుట్టలేదు, వాళ్ళమ్మ చెప్పగా విన్నది. "ఎలుక రాలిందంటె ఇల్లిడిచిన్రు బిడ్డా. వండిన అన్నం వండినట్లె వెట్టి ఊరవతల గుడిసెలేసుకున్నరు." ఎలుక రాలడం. ఆ మాట నాకు ఎప్పుడూ వింతగా వినబడేది, పండిన కాయ రాలినట్టు. ప్లేగుకి ముందు ఎలుకలు చస్తాయి. చచ్చిన ఎలుక చల్లబడగానే మిన్నల్లులు దాన్ని వదిలి వెచ్చటి ఒంటికోసం వెతుక్కుంటాయి. మనిషి ఒళ్ళు దొరుకుతుంది. సీమాన్ సూక్ష్మదర్శిని పెట్టి కనుక్కున్నదాన్ని ఆ గల్లీల వాళ్ళు ఇంకో దారిలో, శవాలు లెక్కపెట్టుకుంటూ తెలుసుకున్నారు.

1911లోనే మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. వరద, ప్లేగు, రెండూ ఆ బోర్డు వెనకున్నాయి. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాలవలు, గాలీ వెలుతురూ ఉండే ఇళ్ళు, ఇదీ దాని పని. చార్మినార్ నుంచి మదీనా వైపు వచ్చే దారిని వెడల్పు చేసి, రెండు వైపులా గ్రానైటు రాతితో ఒకే తీరు కమాన్లు కట్టించింది కూడా ఆ బోర్డే. రాతి కట్టడం కాబట్టి పత్తర్‌గట్టి. చార్మినార్‌ని 1591లో ప్లేగు పోయిందన్న మొక్కుగా కట్టారని గైడ్లు చెప్పే కథ మనందరికీ తెలుసు. చాలామంది చరిత్రకారులు దానికి ఒప్పుకోరు, హిజ్రీ వెయ్యో ఏడు గుర్తుగా కట్టారంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. ప్లేగు నీడ పడిన కట్టడం నిజంగా చూడాలంటే చార్మినార్ వైపు తలెత్తి చూడక్కర్లేదు, దానికి వీపు పెట్టి ఎదురుగా ఉన్న దుకాణాల వరస చూస్తే చాలు. మేం అద్దెకున్న గల్లీకి నీడనిచ్చింది ఆ రాళ్ళే.

రాయి ఎలుకని ఆపలేదు. ముందు రాయి, వెనక మళ్ళీ గోడౌన్లు, కాగితం, బట్ట, ధాన్యం. ఎలుక ఉన్న చోటికి జెర్రిపోతు వచ్చింది. ఎవరూ పెంచకుండానే అది ఊళ్ళో పెరుగుతూ వచ్చిన పాము. పంట కల్లాల్లో, ఇళ్ళ చూరుల్లో, పాత గోడల సందుల్లో పగటిపూట తిరుగుతుంది. చుట్టుకుని చంపదు, ఎలుకని నేలకో గోడకో అదిమి పట్టి మింగేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జెర్రిపోతులుంటే ప్లేగు వచ్చేది కాదని నేననడం లేదు. ఎలుకలు మూకుమ్మడిగా చస్తున్న ఊరిని ఏ పామూ కాపాడలేదు. కానీ మిగతా ఏళ్ళలో, ఎవరూ చరిత్ర రాయని మామూలు ఏళ్ళలో, అది చేసే పని ఉంది. దానికి మనమిచ్చిన జీతం కర్ర. ఇరవయ్యో శతాబ్దంలో చెప్పులకీ బెల్టులకీ సంచులకీ దాని చర్మం ఒలిచి ఎగుమతి చేశాం. 1976లో ఆ ఎగుమతి ఆగింది. పట్టేవాళ్ళలో ఎక్కువమంది ఇరులర్లు, బతుకుదెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో మద్రాసు దగ్గర వాళ్ళు సహకార సంఘం పెట్టుకుని, విషసర్పాల్ని పట్టి విషం తీసి మళ్ళీ వదిలే పనిలోకి మళ్ళారు. కాటుకి మందు తయారయ్యేది ఆ విషంతోనే.

ఇక డబ్బా దగ్గరికి వస్తాను.

నాకు పాముపిల్లలు ఏం తింటాయో తెలీదు. ఎలుకలు తింటాయన్నారు, ఈ వేలెడు లావు లేనిదానికి ఎలుక ఎట్లా? నాయనమ్మ పాలు పొయ్యమంది, పుణ్యమంది. చాచాని అడిగాను. "దూద్ నక్కో డాల్. మర్ జాతా. మేండక్ లా," అన్నాడు. పాలొద్దు, చస్తుంది, కప్ప తీసుకురా. స్పష్టంగా చెప్పాడు. ఆ సాయంత్రం కప్ప దొరకలేదు. వాన పడుతోంది. చిన్నది బాగా డీలా పడ్డట్టనిపించింది. సిరా పోసుకునే ఫిల్లరు కడిగి, నాయనమ్మ ఇచ్చిన పాలు నేనే దాని నోట్లో పోశాను. తాగింది. నాయనమ్మ చేతులు జోడించింది. మూడో రోజు పొద్దున చూస్తే బిగుసుకుపోయి ఉంది.

పాము పాలు తాగదు. దాహంతో ఉన్న పాము ఏ తడినైనా తాగుతుంది. నాగుల పంచమికి బుట్టల్లో వచ్చే పాములు గటగట తాగేది అందుకే, వాటికి రోజుల తరబడి నీళ్ళు పెట్టి ఉండరు. పాలు దాని కడుపుకి పడవు. బలవంతంగా పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతాయి. ఇదంతా తర్వాత చదువుకున్నాను.

కానీ నాకు తెలిసిన ఒక సంగతి చదవక్కర్లేదు. చాచా వద్దన్నాడన్న మాట నేను నాయనమ్మకి చెప్పలేదు. ఆమె చేతులతో పాపం జరిగిందని ఆమె నమ్మింది. ఆ ఏడు నాగుల చవితికి ఉపవాసం ఉండి, పుట్ట చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసింది, మోకాళ్ళ నొప్పులతో. నేను పక్కనే నిలబడి లెక్కపెట్టాను. ఇంకో ఆరేళ్ళు బతికింది. చెప్పడానికి ఆరేళ్ళు ఉన్నాయి.

రెండోదానికి కప్పలు తెచ్చాను. వానగుంటల్లో బొటనవేలి గోరంత కప్పపిల్లలు. మొదట మొహం తిప్పుకుంది, తర్వాత ఒకటి మింగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. కానీ అది పగలంతా డబ్బా మూతని ముక్కుతో పొడిచేది. ముక్కు చివర చర్మం లేచింది. ఇరవై రోజులకి నాయిన సైకిల్ మీద మీర్ ఆలం చెరువు వైపు తీసుకెళ్ళాడు. డబ్బా వంచగానే, నేను ఊహించుకున్నట్టు ఒక్కసారి ఆగి వెనక్కి చూడలేదు. గడ్డిలో గీత గీసినట్టు పోయింది.

ఇప్పుడు నాకు తెలిసిన పాతికేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు, జెర్రిపోతు పిల్లని పెంచుకోవచ్చా అని. వాళ్ళు చూసే వీడియోలు అమెరికావి. అక్కడ కార్న్ స్నేక్‌ని తరతరాలుగా ఇళ్ళలోనే పొదిగించి, కళ్ళు తెరవని ఎలుకపిల్లలు పెట్టి పెంచుతారు. ర్యాట్ స్నేక్ అనే మాట రెంటికీ ఒకటే, పాములు వేరు. మనది గాభరా ప్రాణి. చోటు కావాలి, పరుగు కావాలి, చిన్నప్పుడు కప్పలు కావాలి. పెరిగితే ఆరడుగులు దాటుతుంది. పైగా చట్టం ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని పట్టడం ఎప్పుడో నిషేధించింది. 2022 సవరణ దాన్ని ఒకటో షెడ్యూల్లోకి, పులి ఉన్న జాబితాలోకి ఎక్కించింది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ళ దాకా. ఇంట్లోకి వస్తే పట్టి అడవిలో వదిలేవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఆ పని చేస్తోంది. మా డబ్బా తర్వాత ఒక్క ఏడాదికి.

కుర్రాళ్ళకి ఇవన్నీ చెప్తాను. ఫిల్లరు సంగతి మాత్రం చెప్పేవాణ్ణి కాదు. మొన్న పత్తర్‌గట్టి వెళ్ళినప్పుడు చాచా దుకాణం వేరేవాళ్ళ చేతిలో ఉంది. కమాను కింద నిలబడి అత్తరు చూపించమన్నాను. కొట్లో కుర్రాడు దూది చుట్టిన పుల్ల సీసాలో ముంచి నా మణికట్టుకి రాశాడు. ఆయన నన్నెప్పుడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది, పాలు ఎవరు పోశారని. బహుశా తెలిసే ఉంటుంది.