ప్రోస్టేట్ క్యాన్సర్: పోషకాహార స్థితి, జీవితకాలం

ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన వ్యక్తి ఎంతకాలం జీవిస్తాడన్నది కణితి దశ, తీవ్రతలతో పాటు అతని పోషకాహార స్థితి మీద, అంటే శరీరంలోని మాంసకృత్తులు, కండరాలు, శక్తి నిల్వల మీద కూడా కొంత ఆధారపడి ఉంటుంది. ఈ పోషకాహార స్థితిని అంచనా వేసే కొలతల్లో 1984లో జపాన్‌లో ఒనోడెరా బృందం జీర్ణకోశ శస్త్రచికిత్స రోగుల కోసం ప్రతిపాదించిన పోషణ సూచిక ఒకటి. కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే మాంసకృత్తి పరిమాణం, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల సంఖ్య దానికి ఆధారం. వ్యాధి ఇతర భాగాలకు పాకినవారిలో ఈ సూచిక తక్కువగా ఉంటే జీవితకాలమూ తక్కువగా ఉంటున్నట్లు పలు అధ్యయనాలు చూపాయి. అయితే ఆల్బుమిన్ తగ్గడానికి ఆహార లోపమే కాక వ్యాధి రగిలించే శోథ కూడా కారణమవుతుంది కనుక, ఈ సంబంధాన్ని నేరుగా కార్యకారణంగా భావించడం తొందరపాటే.

వ్యాధే కాక చికిత్స కూడా ఈ స్థితిని మారుస్తుంది. వైద్యుడు చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపిన మార్గంలో, టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనును అణచే చికిత్స వ్యాధిని అదుపు చేస్తూనే కండరాలను తగ్గించి కొవ్వును పెంచుతుంది. అందువల్ల బరువు తగ్గక, చూపులకు పుష్టిగా కనిపించే రోగిలోనూ కండర క్షీణత దాగి ఉండవచ్చు, బరువు ఒక్కటే చూసే పరీక్షకు అది అందకపోవడం విచారకరం. తగినంత మాంసకృత్తులతో కూడిన ఆహారం, బరువులెత్తే వ్యాయామం ఈ నష్టాన్ని తగ్గించడానికి తోడ్పడతాయి. విటమిన్ మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: 2001లో మొదలైన సెలెక్ట్ అనే పరిశోధనలో, విటమిన్ ఇ మాత్రమే తీసుకున్న ఆరోగ్యవంతుల్లో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా బయటపడినట్లు 2011లో వెల్లడైంది.