పరిశ్రమకు పెరిగిన హృదయము

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు థేమ్సునదిపై సాగించు పడవపందెము పడుచువారి ఆయువును హరించునని ఇంగ్లండునందలి వైద్యులు కొందఱు 19వ శతాబ్ది మధ్యమున గట్టిగా నమ్మియుండిరి. 1867లో స్కే యను శస్త్రవైద్యుడు ఈ భయమునే పత్రికాముఖమున ప్రకటింపగా, మోర్గను అను మఱియొక వైద్యుడు 1829 మొదలు 1869 వఱకు ఆ పందెమున తెడ్డుపట్టినవారి జీవితవృత్తాంతములను సేకరించి, వారి ఆయువు సామాన్యులకంటె తగ్గకపోగా ఇంచుక హెచ్చెనని 1873లో గ్రంథరూపమున నిరూపించెను.

అయినను అది ఆయువు లెక్క. గుండెను పరికించినవాడు స్వీడనుదేశపు వైద్యుడు హెన్షెను. ఎక్స్‌కిరణములు కనుగొనబడి నాలుగేండ్లే యైన 1899లో, అతడు మంచుపై బహుదూరము సాగు స్కీ క్రీడాకారుల ఱొమ్ముపై ఒక వ్రేలు మోపి, దానిని వేఱొక వ్రేలితో తట్టుచు, ధ్వని మందగించిన మేరను గుర్తించి, వారి హృదయము సామాన్యప్రమాణమును మించినదనియు, అది రోగచిహ్నము గాక పందెమును గెలిపించు బలమే యనియు నిర్ణయించెను. వ్రేళ్లతో తేల్చిన యీ నిర్ణయము పిమ్మటి యంత్రపరీక్షలకును చెక్కుచెదరలేదని తలచినప్పుడెల్ల ఆ వైద్యునియెడ నాకు గౌరవము ద్విగుణమగుచుండును.

వైద్యలోకము మాత్రము త్వరగా సమ్మతింపలేదు. అచ్చుపనివాడైన క్లారెన్సు డిమార్ 1911లో బోస్టను మారథానునకు సిద్ధపడగా, పరీక్షించిన వైద్యులు గుండెలో మర్మరధ్వని యున్నదనియు, అలసట తోచినంతనే ఆగిపొమ్మనియు, ఇకపై పరుగు వలదనియు హెచ్చరించిరి. నాడు గెలిచినవాడు అతడే. 1930 నాటికి ఆ పందెమును ఏడుమాఱులు గెలిచెను. 1958లో క్యాన్సరుచే మరణించిన యాతని హృదయమును కోసి చూడగా, దానిని పోషించు ధమనులు మామూలుకంటె రెండుమూడింతలు విశాలమై కానవచ్చెను. ఇట్టివి చూచి కాబోలు, మారథాను పరుగెత్తువారికి ధమనులు పూడుకొనుట యనునదే రాదని 1970ల ప్రాంతమున కొందఱు చాటిరి; 1979లో ప్రకటితములైన శవపరీక్షలు ఆ మాటను త్రోసిపుచ్చెను.

విశ్రాంతివేళ నిమిషమునకు ఐదు లీటర్ల రక్తమును పంపు గుండె, మేటి క్రీడాకారుని తీవ్రపరిశ్రమవేళ ముప్పది లీటర్లను మించియు పంపవలసియుండును. ఏండ్లతరబడి ఆ వెల్లువ నిముడ్చుకొనుటకై జఠరిక విశాలమై, గోడయు తదనుగుణముగ దళసరియగును. ఒక్కొక్క స్పందనమునకు అధికరక్తము వెడలుటచే విశ్రాంతివేళ నిమిషమునకు నలుబది స్పందనములే చాలును. దూరపుపరుగువారికిని ఈతగాండ్రకును గది విశాలమగుననియు, మల్లులకును గుండు విసరువారికిని గోడయే దళమెక్కుననియు 1975లో మోర్గన్‌రాతు మొదలగువారు, ధ్వనితరంగములతో గుండెను చూపు ఎకో పరీక్షవలన చూపిరి.

ఈ కొలతలు ప్రాణములతో ముడివడినవి. గోడ దళమెక్కు వంశపారంపర్యరోగ మొకటి పడుచు క్రీడాకారులను మైదానముననే బలిగొనుచున్నది గదా! 1991లో ఇటలీ వైద్యుడు పెల్లిచ్చియా 947 మంది మేటి క్రీడాకారులను పరీక్షింపగా, 16 మందికి మాత్రమే గోడ 13 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని యుండెను. ఒక్క సైకిలుపందెగాడు తప్ప తక్కినవారందఱును తెడ్డువేయువారే. వారి జఠరిక విశాలమై యుండ, రోగహృదయమున సాధారణముగ గది ఇఱుకగును. శిక్షణము మానినచో క్రీడాకారుని గోడ మరల పలుచబడును, రోగిగోడ పలుచబడదు.

అట్లని ఈ పరిశ్రమ గుండెకు బొత్తిగ నిరపాయమనుటకును వీలులేదు. 2013లో స్వీడనునందే, తొంబది కిలోమీటర్ల వాసాలోప్పెట్ స్కీపందెమును ముగించిన 52,755 మంది చరిత్రలను పరిశీలింపగా, ఎక్కువమాఱులు, ఎక్కువ వేగముతో ముగించినవారియందు గుండె లయభంగములు, ముఖ్యముగ కర్ణికలకు సంబంధించినవి, హెచ్చుగ కనబడెను. ప్రాణాంతకములగు జఠరికాలయభంగములు మాత్రము హెచ్చలేదు.